మనకు పథ్యం, శునకానికి విషం

నాడి చూపించుకోవడానికి వచ్చే గృహస్థులు తమ మాట ముగిసిన తరువాత, లేవబోతూ, కొంచెం సంకోచంతో మరొక ప్రశ్న అడగడం నాకు అలవాటైన విషయమే. “శాస్త్రిగారూ, మా ఇంట్లో కుక్కపిల్ల ఉన్నది. దాని కడుపులో నులిపురుగులు పడ్డట్లున్నవి. రోజూ రెండు వెల్లుల్లి రెబ్బలు పెట్టవచ్చునా?” అని ఒకరు, “నీరసంగా పడుకుంటున్నది, కాస్త ద్రాక్షాసవం పోయమంటారా?” అని మరొకరు అడుగుతారు. ఆ ప్రశ్నలలో ఆ మూగజీవి మీద ప్రేమ ఉన్నది. మన వైద్యం మీద విశ్వాసమూ ఉన్నది. అయినా నా సమాధానం ఒక్కటే: పెట్టకండి.

ఈ సమాధానం కొందరికి ఆశ్చర్యం కలిగిస్తుంది. “వెల్లుల్లిని, ద్రాక్షను ఇంతగా కీర్తించిన శాస్త్రమే ఇప్పుడు వద్దంటున్నదా?” అని అడుగుతారు. గృహవైద్యాన్ని నమ్మే కుటుంబాలలోనే ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ గనుక, ఈ విషయాన్ని కొంత వివరంగా చెప్పడం నా కర్తవ్యమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

శాస్త్రం ఎవరి దేహాన్ని గురించి చెప్పినది?

చరక, సుశ్రుత, వాగ్భటులు తమ సంహితలలో ద్రవ్యగుణాలు వర్ణించినది ప్రధానంగా మనుష్యదేహాన్ని దృష్టిలో ఉంచుకొని. అశ్వాలకు శాలిహోత్రుని శాస్త్రం వేరుగా ఉన్నది. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం వేరుగా ఉన్నది. మనిషికి చెప్పిన మందునే మోతాదు మార్చి గుర్రానికీ ఏనుగుకూ ఇస్తే సరిపోతుందని పూర్వులు అనుకొని ఉంటే, ఈ ప్రత్యేక శాస్త్రాల అవసరమే ఉండేది కాదు.

వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలో అన్నరక్ష అనే అధ్యాయం ఒకటి ఉన్నది. రాజుగారి భోజనంలో విషం కలిసినదో లేదో కనిపెట్టడానికి పక్షులను, జంతువులను గమనించమని అందులో చెప్పబడినది. విషాన్నం ఎదుట చకోరపు కన్నులు రంగు మారతాయట. హంస నడక తడబడుతుందట. కోతి మలవిసర్జన చేస్తుందట. నెమలి మాత్రం సంతోషిస్తుందట. ఈ పరీక్షలు నేటికీ పనికివస్తాయని నేను చెప్పడం లేదు. ఒకే పదార్థానికి ఒక్కొక్క జీవి ఒక్కొక్క విధంగా స్పందిస్తుందన్న ఎరుక పూర్వులకు ఉన్నదని మాత్రమే చెబుతున్నాను. సాత్మ్యం అంటే ఇదే. ఏ దేహానికి ఏది ఇముడుతుందో అదే దానికి ఆహారం. ఇమడనిది ఎంత శ్రేష్ఠమైనా దానికి విషమే.

దీనికి తోడు మాత్రాభేదం ఒకటి. అరవై కిలోల మనిషి తిన్న పిడికెడు పదార్థాన్ని ఐదు కిలోల పొమేరియన్ తింటే, బరువును బట్టి చూచినప్పుడు అది పన్నెండు పిడికిళ్ళు తిన్నట్లు. పైగా కుక్క రుచి చూసి ఆగదు. దొరికినది దొరికినట్లు మింగుతుంది.

వెల్లుల్లి, ఉల్లి

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మన సామెత. ఆ తల్లి మనుషులకే తల్లి అని గ్రహించాలి. వెల్లుల్లిని మన గ్రంథాలు రసోనమన్నవి. షడ్రసాలలో పులుపు ఒక్కటే లోపించినదని ఆ పేరు. కాశ్యపసంహితలో లశునానికి ప్రత్యేకంగా ఒక కల్పమే ఉన్నది. వాతరోగులకు, కఫరోగులకు నేను దీనిని అనేక సంవత్సరాలుగా ఇస్తున్నాను. కాని కుక్కకు ఒక్క రెబ్బ కూడా చెప్పను.

కారణం ఇది. ఉల్లి, వెల్లుల్లి జాతి దుంపలన్నిటిలో ఘాటైన గంధక సంయోగాలు ఉంటాయి. కుక్క శరీరంలో ఇవి ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాలు చిట్లిపోయి, పాండురోగం వస్తుంది. ఒకేసారి తన శరీర బరువులో 200వ వంతుకు మించి ఉల్లి తిన్న కుక్కలలో రక్తంలో మార్పులు కనిపిస్తాయని పశువైద్యులు గుర్తించారు. అంటే పది కిలోల కుక్కకు 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ! వెల్లుల్లి అంతకంటె తీవ్రమైనది. కొద్ది కొద్దిగా రోజూ పెట్టినా నష్టం పేరుకుంటూ పోతుంది. రోజుకు రెండు రెబ్బల సలహా ప్రమాదకరమనడానికి ఇదే హేతువు.

ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఈ దోషం పోదు. కాబట్టి పచ్చి ఉల్లి పెట్టడం లేదుగదా అని ఊరడిల్లరాదు. వెల్లుల్లి కారం కలిపిన అన్నం, ఉల్లి వేసిన మాంసం కూర, మిగిలిపోయిన పకోడీలు, బిర్యానీ అడుగున మిగిలిన మసాలా, పొట్లాలలో వచ్చే సూప్ పొడి, ఇవన్నీ ఈ కోవలోనివే.

మరొక చిక్కు ఏమనగా, లక్షణాలు వెంటనే కనిపించవు. మొదట వాంతి, విరేచనం ఉండవచ్చు. రక్తం తగ్గిన గుర్తులు మాత్రం కొన్ని రోజుల తరువాత బయటపడతాయి. చిగుళ్ళు పాలిపోవడం, ఆయాసం, నడవలేకపోవడం, మూత్రం డికాక్షన్ రంగులో రావడం ఆ గుర్తులు. అప్పటికి ఆదివారం నాటి కూర సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పిల్లులు ఈ విషయంలో కుక్కలకంటె సుకుమారమైనవి. పిల్లిని పెంచేవారు ఇంకా జాగ్రత్త వహించాలి.

ద్రాక్ష, చింతపండు

ఫలాలలో ఉత్తమమైనదిగా ద్రాక్షను వాగ్భటుడు పేర్కొన్నాడు. దాహం, జ్వరం, రక్తపిత్తం, మలబద్ధకం వంటి అనేక బాధలలో ద్రాక్ష మనకు పథ్యం. ఈ ఉత్తమఫలమే కుక్క మూత్రపిండాలను రెండు మూడు రోజులలో స్తంభింపజేయగలదు. 2001లో అమెరికా పశువైద్య పత్రికలో దీని గురించి హెచ్చరిక వెలువడేవరకు పశువైద్యులలో సైతం చాలామందికి ఈ సంగతి తెలియదు.

నాకు పరిచయమున్న ఒక కుటుంబంలో వ్రతం నాటి ప్రసాదం కోసం తెచ్చిన కిస్‌మిస్ పొట్లాన్ని వారి చిన్న కుక్క చింపుకొని తిన్నది. ఆ సాయంత్రం రెండుసార్లు వాంతి చేసుకున్నది. అజీర్ణమనుకొని జీలకర్ర కషాయం పోశారు. మరునాడు మజ్జిగ ఇచ్చారు. మూడవనాడు మూత్రం బంద్ అయినది. పశువైద్యశాలకు చేర్చేసరికి మూత్రపిండాలు పనిచేయడం మానివేశాయి, అది బతకలేదు. ఆ ఇంటి పెద్దావిడ తరువాత నావద్దకు వచ్చి, “దేవుడికి పెట్టే ద్రాక్ష విషమేమిటండీ?” అని అడిగినది. ఆ తల్లికి చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. దోషం ద్రాక్షలో లేదమ్మా, ఆ దేహానికి దానిని విసర్జించే శక్తి లేదు.

ఆ శక్తి ఎందుకు లేదన్నది ఇటీవలనే కొంత తేటపడినది. ద్రాక్షలో టార్టారిక్ ఆమ్లం అనే పులుపు ఉన్నది. అదే కారణం కావచ్చునని 2021లో అమెరికాలోని జంతు విషచికిత్సా నిపుణులు ప్రతిపాదించారు. పిల్లలు ఆడుకునేందుకు ఇంట్లో చేసిన పిండిముద్దలో ఈ ఆమ్లపు లవణం కలిసి ఉండగా, అది తిన్న కుక్కకు సరిగా ద్రాక్ష తిన్నట్లే మూత్రపిండాలు చెడడం వారి దృష్టిని ఆకర్షించినది. కుక్క మూత్రపిండాల సూక్ష్మనాళికలు ఈ ఆమ్లాన్ని సరిగా బయటకు పంపలేక దెబ్బతింటాయని నేటి అవగాహన.

ఇక్కడే తెలుగువారు చెవి ఒగ్గి వినవలసిన మాట ఒకటి ఉన్నది. ఈ టార్టారిక్ ఆమ్లం ద్రాక్షలోకంటె ఎన్నో రెట్లు అధికంగా ఉండేది మన చింతపండులో! చింతపండు గుజ్జులో ఇంచుమించు పదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, ఈ ఆమ్లమే. చింతపండు తిన్న కుక్కలలో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు 2022లో పశువైద్య పత్రికలలో ప్రచురితమైనవి. పులుసు, చారు, పులిహోర లేని తెలుగు ఇల్లు లేదు. మిగిలిన చారన్నం కుక్కకు పెట్టడం తరతరాల అలవాటు. పలుచని చారు రెండు చుక్కలు తగిలిన ప్రతి కుక్కకూ ఆపద వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎన్ని గ్రాములు తింటే ఏ కుక్కకు హాని జరుగుతుందో ముందుగా చెప్పడానికి వీలులేదు. ఒక కుక్క తట్టుకున్నది మరొకదానికి మరణకారణం కావచ్చును. కాబట్టి పులిహోర ముద్ద, పులుసు అన్నం, నానబెట్టిన చింతపండు, పిసికి పారేసిన పిప్పి దానికి అందనివ్వకపోవడమే వివేకం. ద్రాక్ష, కిస్‌మిస్ అయితే ఒక్కటి కూడా వద్దు. చక్కెర పొంగలి, పాయసం, లడ్డూలలో కిస్‌మిస్ ఉంటుందని మరవకండి.

కాఫీ, టీ, చాక్లెట్

చాక్లెట్‌కు మూలమైన కోకో గింజలో థియోబ్రోమిన్ అనే ఉత్తేజక ద్రవ్యం ఉన్నది. కాఫీ, టీలలోని కెఫీన్‌కు ఇది దగ్గరి బంధువు. మన కాలేయం దీనిని కొన్ని గంటలలో విరిచివేస్తుంది. కుక్క రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. అంతసేపూ అది గుండెను, నాడీమండలాన్ని తరుముతూనే ఉంటుంది. వాంతి, దాహం, నిలకడలేని తిరుగుడు, గుండెదడ, వణుకు, తీవ్రమైతే మూర్ఛ, మరణం దీని వరుస.

కిలో బరువుకు సుమారు 20 మిల్లీగ్రాముల వద్ద లక్షణాలు మొదలవుతాయి; 60 మిల్లీగ్రాముల వద్ద ఫిట్స్ రావచ్చును. పాల చాక్లెట్‌లో గ్రాముకు రెండు మిల్లీగ్రాములు, నల్లని చేదు చాక్లెట్‌లో ఐదు లేక అంతకు మించి, కోకో పొడిలో ఇంచుమించు ఇరవై ఉంటుంది. పది కిలోల కుక్కకు లక్షణాలు కనిపించడానికి 100 గ్రాముల పాల చాక్లెట్ కావాలి. కోకో పొడి 10 గ్రాములు చాలు. ఎంత చేదుగా ఉంటే అంత ప్రమాదమని గుర్తుంచుకుంటే సరిపోతుంది. కేకులు చేసే ఇళ్లలో కోకో డబ్బా మూత గట్టిగా ఉండాలి. విదేశాల నుండి పిల్లలు వచ్చినప్పుడు సూట్‌కేసులు నేలమీద తెరిచి ఉంచరాదు.

కాఫీ విషయంలో గృహిణులు గమనించవలసినది మిగిలిపోయిన పిప్పి. ఫిల్టరులో తీసివేసిన కాఫీ పిప్పిలో కెఫీన్ ఇంకా మిగిలి ఉంటుంది. దానిని పూలకుండీలలో ఎరువుగా వేయడం చాలామందికి అలవాటు. ఆ మట్టిని కుక్క తవ్వి తినవచ్చును. కుండీల మాట వచ్చినది గనుక మరొక హెచ్చరిక: ఆముదపు చెక్కను కూడా ఎరువుగా వాడతారు. ఆముదం నూనెలోకి రాని రిసిన్ అనే ఘోరమైన విషం ఆ చెక్కలో ఉండిపోతుంది. దాని వాసన కుక్కలకు ఇష్టం. కుక్క ఉన్న ఇంట ఆముదపు చెక్క వాడకండి.

చక్కెర లేని తీపి

మధుమేహం ఇంటింటికీ చేరిన ఈ రోజులలో చక్కెరకు బదులు వాడే తీపి పదార్థాలు వంటింటికి వచ్చినవి. వీటిలో జైలిటాల్ అనేది ఒకటి. మనకు ఇది నిరపాయకరం. దంతాలకు మేలని కూడా అంటారు. కుక్క కడుపులోకి వెళ్ళినప్పుడు మాత్రం దాని క్లోమం దీనిని చక్కెరగా భ్రమించి ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదులుతుంది. లేని చక్కెర కోసం విడుదలైన ఇన్సులిన్ ఉన్న చక్కెరను ఖాళీ చేస్తుంది. అరగంటలో తూలడం, కూలబడడం, ఫిట్స్ మొదలు కావచ్చును. కొన్నిసార్లు కొన్ని గంటలు ఆలస్యమవుతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము దాటితే ఈ ప్రమాదం ఉన్నది, 0.5 గ్రాము దాటితే కాలేయం కూడా చెడవచ్చును.

చక్కెర లేని చూయింగ్ గమ్, నోటి సువాసన బిళ్ళలు, కొన్ని రకాల పళ్ళపేస్టులు, దగ్గుమందులు, కొన్ని వేరుశనగ వెన్నలు, వీటి అట్టపెట్టెలపై జైలిటాల్ అనిగాని, బిర్చ్ షుగర్ అనిగాని, ఇ 967 అనిగాని ఉన్నదేమో చదవండి. స్టీవియాకు ఈ దోషం లేదు. అయినా కుక్కకు తీపితో పనేమున్నది?

ఆసవాలు, అరిష్టాలు

ఇది మన వైద్యానికి నేరుగా చెందిన సంగతి గనుక నిస్సంకోచంగా చెబుతున్నాను. ద్రాక్షాసవం, దశమూలారిష్టం, అశోకారిష్టం మొదలైనవి పులియబెట్టి తయారుచేసే ఔషధాలు. వీటిలో స్వయంగా పుట్టే మద్యం సుమారు 5 నుండి 10 శాతం వరకు ఉంటుంది. మనిషికి మూడు నాలుగు చెంచాలు సమానంగా నీరు కలిపి ఇచ్చే మందును చిన్న కుక్కకు పోస్తే, దానికి మత్తు, వాంతి, శరీరం చల్లబడడం, శ్వాస మందగించడం కలుగుతాయి. ద్రాక్షాసవంలో మద్యానికి తోడు ద్రాక్ష కూడా ఉన్నది! కల్లు, బీరు, పండుగనాటి ద్రాక్షసారా పాత్రల విషయమూ ఇంతే. ఈస్టు కలిపి పొంగబెట్టిన పచ్చి మైదాముద్దను కుక్క మింగితే, అది కడుపులోని వెచ్చదనానికి ఇంకా పొంగి ఉబ్బరం చేస్తుంది, మద్యాన్నీ పుట్టిస్తుంది.

పూజగదిలోని హారతి కర్పూరం బిళ్ళలు ఆహారం కాకపోయినా, నేలమీద దొరికితే కుక్క మింగుతుంది. దానివల్ల ఫిట్స్ వస్తాయి. నొప్పులకు, దగ్గుకు మనం పూసుకునే కర్పూర తైలాలు దానికి పూయరాదు, నాకి తింటుంది.

బూజు పట్టినది కుక్కకా?

“పాడైపోయినది, పారవేయడం ఎందుకు, కుక్కకు వేయి” అన్న మాట వినని ఇల్లు ఉండదు. దీని వెనుక ఒక విషాదచరిత్ర ఉన్నది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులలోని బాంస్వాడా, పంచమహల్ జిల్లాలలో గిరిజనులు వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లు, జలోదరంతో వంద మందికి పైగా మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, బూజు నుండి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కారణమని తేల్చారు. మనుషులకంటె ముందు అదే లక్షణాలతో జబ్బుపడినవి ఆ ఇళ్ళలో వారి తిండి పంచుకున్న కుక్కలు. అన్నరక్షాధ్యాయంలోని పక్షులవలె అవి ముందుగా హెచ్చరించినవి. ఆ హెచ్చరిక ఎవరికీ అర్థం కాలేదు.

కాబట్టి బూజు పట్టిన రొట్టె, ముక్కిన వేరుశనగపప్పు, చెమ్మపట్టిన మొక్కజొన్న పిండి కుక్కకు వేయకూడదు. మనం తినరాదనుకున్నది దానికీ తినరానిదే.

విషం కాకపోయినా హాని చేసేవి మరికొన్ని ఉన్నవి. ఉడికిన ఎముకలు పేడులుగా చీలి గొంతులో, పేగులలో గుచ్చుకుంటాయి. నేతి వంటకాలు, మాంసపు కొవ్వు ఎక్కువైతే క్లోమశోథ వస్తుంది. ఊరగాయలలో ఉప్పు, నూనె, వెల్లుల్లి మూడూ కలిసి ఉంటాయి. మామిడిటెంక పేగుకు అడ్డుపడుతుంది. విదేశాల నుండి వచ్చే మకడామియా గింజలు తిన్న కుక్కకు వెనుక కాళ్ళు చచ్చుబడినట్లవుతాయి. సాధారణంగా రెండు రోజులలో తేరుకుంటుంది గాని, వైద్యునికి చూపించాలి.

తిన్నదని తెలిసినప్పుడు

ఈ పత్రిక చదివేవారికి ప్రతి బాధకూ ఒక చిట్కా కావాలనిపించడం సహజం. ఈ విషయంలో నావద్ద చిట్కా లేదు, ఉండకూడదు కూడా. కాలమే ఇక్కడ ఔషధం. లక్షణాలు కనిపించేవరకు వేచి ఉండక, తిన్నట్లు తెలిసిన క్షణమే పశువైద్యునికి ఫోను చేయాలి. మొదటి గంట, రెండు గంటలలో తీసుకువెళితే వారు సూదిమందుతో వాంతి చేయించి, అవసరమైతే విషాన్ని పీల్చుకునే ప్రత్యేకమైన బొగ్గు మందు ఇచ్చి, సెలైన్ ఎక్కించి కాపాడగలరు. వాంతి చేయించవలసినదో కాదో నిర్ణయించవలసినది కూడా వారే.

వెళ్ళేటప్పుడు నాలుగు సంగతులు సిద్ధంగా ఉంచుకోండి: ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువు ఎంత. చింపిన పొట్లం లేదా డబ్బా వెంట తీసుకువెళ్ళండి. బరువు తెలియకపోతే దానిని ఎత్తుకొని తూకం మీద నిలబడి, తరువాత మీ బరువు తీసివేస్తే తెలుస్తుంది.

చేయకూడనివి కూడా వినండి. ఉప్పునీరు తాగించి వాంతి చేయించరాదు. ఆ ఉప్పే రక్తంలోకి ఎక్కి మెదడుకు ముప్పు తెస్తుంది. గొంతులో వ్రేళ్ళు పెట్టరాదు. విషం విరుగుతుందని పాలు, నెయ్యి, నూనె, వేపరసం పోయరాదు; అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చును. స్పృహ తప్పినదాని నోట ఏదీ పోయరాదు. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ఇవ్వరాదు; అవి స్వయంగా విషాలు. జైలిటాల్ తిని కుక్క తూలుతున్నప్పుడు మాత్రం, దారిలో దాని చిగుళ్ళకు కొంచెం తేనె రాస్తూ తీసుకువెళ్ళవచ్చును. అది చికిత్స కాదు. వైద్యుని చేరేవరకు ఊతం మాత్రమే.

మీ సమీపంలోని పశువైద్యశాల ఫోను నంబరు, రాత్రివేళ చూసే వైద్యుని నంబరు ఈ రోజే కనుక్కొని వంటింటి గోడకు అంటించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నవి. వాటికి దగ్గరలో ఉన్నవారు అక్కడి చికిత్సాలయాల వేళలు కూడా తెలుసుకొని ఉంచుకోవడం మంచిది.

మరి ఏమి పెట్టాలి?

కుక్కకు మన ఇంటి తిండి పనికిరాదని నా మాటలకు అర్థం కాదు. మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించిన కోడిగుడ్డు, ఉల్లి మసాలాలు లేకుండా ఉడికించి ఎముక తీసిన మాంసం, ఉడికిన గుమ్మడి, క్యారెట్, సరిపడినదానికి కొద్దిగా కమ్మని పెరుగు, ఇవి పెట్టవచ్చును. ఏ పాళ్ళలో పెట్టాలో దాని వయస్సును, జాతిని బట్టి పశువైద్యుని అడగండి. నులిపురుగులకు, గోమార్లకు వారివద్ద నమ్మకమైన మందులు ఉన్నవి. వెల్లుల్లితో ప్రయోగాలు అనవసరం.

గృహిణులకు ఒక్క అలవాటు సూచిస్తాను. వైశ్వదేవం ఆచరించే ఇళ్ళలో ఇంటివారు భుజించకముందే శునకానికి ఒక ముద్ద విడిగా తీసే సంప్రదాయం ఉన్నది. అందరూ తిన్న తరువాత మిగిలినది కాదు; ముందుగా, విడిగా తీసినది. మీ కుక్క భాగాన్ని కూడా అట్లే తీయండి. పప్పులో తాలింపు పడకముందు, మాంసంలో ఉల్లి వెల్లుల్లి చేరకముందు, అన్నంలో పులుపు కలవకముందు దాని గిన్నెలోకి వేసివేయండి. ఇంట్లో పిల్లలకు, పనిమనిషికి, వచ్చిపోయే బంధువులకు కూడా ఈ నియమం చెప్పి ఉంచండి. మీరు పెట్టినది ఏదైనా అనుమానించకుండా తినే జీవి అది. ఏది తినదగినదో ఎంచి పెట్టవలసిన బాధ్యత మనది.